వదులుగా ఇచ్చిన కొలతలు

ఆ రోజు వకుళ చూడవలసిన వాపసు అర్జీలు ఆరు. మధ్యాహ్నం లోపల నాలుగింటిని తిరస్కరించింది. ఒకాయన యంత్రం మీద పప్పుచారు ఒలకబోసుకుని తయారీలోనే లోపం ఉందన్నాడు. ఇంకొకావిడ తన యంత్రాన్ని మరిది చేతికిచ్చి, దానికి మతి చెడిందని ఫిర్యాదు పెట్టింది. పదకొండేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్న వకుళ, వాపసు అడిగేవాళ్లు తలుపు తీస్తుండగానే వాళ్ల అబద్ధం ఏమై ఉంటుందా అని ఆలోచించేది.

అందరికీ ఒకేలా పనిచేసే కంప్యూటర్లు బజారులోంచి పోయి ఇరవై ఏళ్లయింది. వాటి చోట పొంతనికలు వచ్చాయి, ఎవరిది వారిదే. ఏడు సాయంత్రాలు మనిషిని కూర్చోబెట్టి, ప్రశ్నలు వేసి, వాళ్ల తొందరనూ నిదానాన్నీ, భయాన్నీ మరపునూ కొలిచి, ఆ కొలతలకు యంత్రాన్ని అల్లుతారు. చదువుకైనా వైద్యానికైనా కొలువుకైనా అదే ఆధారం. ఒకరికని అల్లింది మరొకరికి పనికిరాదు కనుక మామూలుగా వాపసు లేదు. యజమానికీ యంత్రానికీ పొంతన నూటికి తొంభై కన్నా తక్కువని రుజువైతేనే కంపెనీ వెనక్కి తీసుకుంటుంది. ఆ రుజువు చూడడం వకుళ పని.

అయిదో ఇల్లు పాలకొల్లులో, దర్జీ మంగతాయారుది. బట్టలు కుట్టే యంత్రాలు ఎన్ని వచ్చినా, రవిక మాత్రం మనిషి చేత్తోనే కుట్టాలని పట్టుబట్టే ఆడవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల చలవతోనే ఆమె కుట్టుమిషను నడుస్తోంది. పొంతనిక ఆమె కూతురు నీలవేణిది. పిల్లకు పదకొండేళ్లు. యంత్రం వచ్చి ఎనిమిది నెలలైంది, హామీ గడువు ఇంకా నాలుగు నెలలుంది.

వకుళ సంచిలోంచి పొంతన కొలిచే నాడిపుల్లను తీసి యంత్రానికి తగిలించి, పిల్లను దాని మీద చెయ్యి పెట్టమంది. అంకె వెలిగింది. తొంభై ఎనిమిది. ఆ ఏడాది అంత మంచి పొంతన ఆమె ఎక్కడా చూడలేదు.

“ఇందులో లోపం ఏముందమ్మా?” అని అడిగింది.

“ఏం లేదండి,” అంది మంగతాయారు. “దాన్ని మాత్రం పట్టుకుపోండి మేడమ్ గారు.”

వకుళ ఒళ్లంతా కళ్లు చేసుకుంది. ఏ లోపమూ లేని వస్తువును వదిలించుకోవాలని చూసేవాళ్లు ఏదో దాస్తున్నారన్నమాట. గది కలయజూసింది. కిటికీ పక్కన కుట్టుమిషను, మూల గుడ్డపీలికల మూట, మేకుకు వేలాడే టేపు. పిల్ల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వచ్చినప్పటి నుంచీ కదల్లేదు. పేరడిగితే పేరు చెప్పింది, అంతకు మించి ఒక్క మాటా లేదు. నేర్పి కూర్చోబెట్టారేమో అనిపించింది వకుళకు.

వకుళ యంత్రంలోని పాత లెక్కలు తిరగేసింది. మొదటి రోజు పొంతన యాభై రెండు. రెండో నెల అరవై ఆరు. తర్వాత నెలనెలా పాకుతూ పైకి వచ్చింది. వకుళకు దొంగ దొరికినట్టయింది. ఆ కొలతలు ఈ పిల్లవి కావు. వేరేవాళ్ల కొలతలిస్తే హామీ రద్దు, పైగా ఆ పేరు మీద ఇంకెప్పుడూ పొంతనిక ఇవ్వరు. అంటే పిల్ల చదువు అక్కడితో సరి.

“ఈ కొలతలు ఎవరివి?” అంది గట్టిగా.

మంగతాయారు తల వంచుకుని చేతిలో ఉన్న రవికకు రెండు కుట్లు వేసింది. అబద్ధం వెతుక్కుంటోందని వకుళ కాచుకుని ఉంది. కానీ ఆమె సూది ఆపి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఏడు సాయంత్రాలూ ప్రశ్నలు పిల్లకే వేశారు. పక్కన కూర్చుని జవాబులు అందించింది మాత్రం తనే.

“ఎదిగే పిల్ల కదండి. లంగా కుట్టినా రెండంగుళాలు వదులుగా కుడతాం, లోపల మడత పెడతాం. ఉన్న కొలతే ఇస్తే ఏడాదికల్లా బిగుతైపోద్దనుకున్నానండి.”

అలా ప్రతి కొలతా కాస్త వదులుగానే ఇచ్చింది. పావుగంట కుదురుగా కూర్చోలేని పిల్ల రెండు గంటలు కూర్చుంటుందని చెప్పించింది. చీకటంటే భయం లేదంది. తెలియనిది అడిగితే ఏం చేస్తావంటే, ఆలోచించి చెబుతానని పలికించింది. నిజానికి నీలవేణి ‘తెలీదు పో’ అని బుగ్గలు పూరించి వీధిలోకి పరుగు తీసే రకం.

పొంతన కుదరలేదని తెలిశాక మొదటి నెలలోనే ఎందుకు వెనక్కి ఇవ్వలేదని వకుళ నిలదీసింది.

“ఎదిగితే సరిపోద్దిలే అనుకున్నానండి.” ఆమె కూతురి వైపు చూసింది. “సరిపోయిందండి.”

ఆ పిల్ల పూర్వం ఎలా ఉండేదో తల్లి చెప్పుకొచ్చింది. రవికలకు వచ్చినవాళ్లు వెళ్లగానే గుడ్డపీలికలు చుట్టుకుని, ఒక్కొక్కరి నడకా నడిచి చూపించి ఇల్లంతా నవ్వించేది. పొంతనిక ఆ నీలవేణికి పలికేది కాదు. తిట్టేదీ కాదు, తప్పు పట్టేదీ కాదు, మర్యాదగా ఊరుకునేది. కుదురుగా కూర్చుని ఆలోచించి మాట్లాడే పిల్లకు మాత్రం ఎంతో ముద్దుగా జవాబిచ్చేది. మెల్లమెల్లగా నీలవేణి ఆ పిల్లే అయిపోయింది.

వకుళ వెంటనే నమ్మలేదు. మళ్లీ ఆ మొదటి అంకె దగ్గరికి వెళ్లింది. యాభై రెండని యంత్రం ఆ రోజే కంపెనీకి తెలియజేసింది. తొంభైకి తగ్గితే నెలలోపు కంపెనీయే పిలిచి వెనక్కి తీసుకోవాలని నిబంధన. ఎవరూ పిలవలేదు. తర్వాత ఎలాగూ పెరుగుతుందని ఊరుకున్నారు. ఇలా తక్కువలో మొదలై పెరిగిన అంకెలు వకుళ వందల్లో చూసింది. యంత్రం మనిషికి అలవాటు పడిందని శిక్షణలో నేర్పితే నమ్మి, సంతోషంగా సంతకం పెట్టింది. ఎవరు ఎవరికి అలవాటు పడ్డారని ఒక్కసారీ అడగలేదు. ఇన్నేళ్లూ ఇంటింటి గడపలో నిలబడి అనుమానించింది, తన చేతిసంచిలోని నాడిపుల్ల చూపే అంకెను మాత్రం అనుమానించలేదు. ఆమెకు సిగ్గనిపించింది.

తప్పు కంపెనీదని రాస్తే తల్లికి శిక్ష ఉండదు, పిల్లకు మళ్లీ సొంత కొలతలతో యంత్రం వస్తుంది. కాకపోతే ఒక షరతు. యంత్రం ఎవరిదో వాళ్లే, అంటే ఆ పిల్లే, వెనక్కి ఇస్తానని తన నోటితో ఒప్పుకోవాలి.

వకుళ పొంతనికను ఆర్పేసి, పిల్ల ఎదురుగా చాప మీద కూర్చుంది.

“దీన్ని వెనక్కి ఇచ్చెయ్యడం నీకు ఇష్టమేనా అమ్మా?”

నీలవేణి వెన్ను నిటారుగా పెట్టి, దీపం వెలగని యంత్రం వైపు చూసింది. అది పలకలేదు. తల్లి వైపు తిరిగింది.

“ఏం చెప్పమంటావమ్మా?”

మంగతాయారు నోరు తెరిచింది. మాట పెదవుల దాకా వచ్చింది. చేతిలోని దారాన్ని పళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా కరిచి పట్టుకుంది.

పిల్ల చాప అంచు గిల్లింది.

“తెలీదు,” అంది.

మంగతాయారు రవికలో మొహం దాచుకుని ఏడ్చింది. నాడిపుల్ల మీద ‘అవును’, ‘కాదు’ అని రెండే గళ్లు. ఈ మాట ఎక్కడ రాయాలో తెలియక జవాబు మళ్లీ చెప్పమని అది మెరిసింది. వకుళ దాన్ని ఆపి సంచిలో పడేసింది. అవునని తర్వాత తనే రాసుకుంటుంది, ఆ అబద్ధానికి పూచీ తనదే. పొంతనికను చంకన పెట్టుకుని లేచింది.

మంగతాయారు గడప దాకా వచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే ఒక మాట అడిగింది.

“మునుపు ‘తెలీదు పో’ అనేదండి. ఆ ‘పో’ కూడా వస్తదంటారా మేడమ్ గారు?”

దానికి హామీ ఇచ్చే పత్రం వకుళ దగ్గర లేదు.