గోడలో కలిసిపోయిన గౌను

"నాన్నా, ఆ దిండుకి ఆనుకోకు!"

"ఆనుకోకపోతే మరి దాంతో కబుర్లు చెప్పమంటావా?"

"అది చూడ్డానికి. సినిమాలో ఆ మూల దిండు సరిగ్గా అలాగే వాలి ఉంటుంది."

"సినిమాలో వాళ్లకి నడుంనొప్పి ఉండదు. నాకుంది."

తండ్రి దిండుని ఇటు లాగాడు, కూతురు అటు లాగింది. కుట్టు పుటుక్కుమంది.

"ఇద్దరూ వదలండి ముందు!" అని వంటింట్లోంచి తల్లి కేకేసింది.

కూతురు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒక పాత సినిమాని పదకొండుసార్లు చూసింది. అందులోని కర్టెన్లు, దీపాలు, కథానాయిక గౌనుతో సహా ఒక్కొక్కటే ఇంట్లోకి వచ్చేశాయి. మిగిలింది ముందుగది గోడ. ఆ గదిలో కుట్టుకొట్టు తెరవాలని ఆమె కోరిక.

దిండు దక్కని కోపంలో తండ్రి గడువు పెట్టాడు. "నెలాఖరు ఆదివారం మధ్యాహ్నానికి ఆ గది కొట్టులా కనిపించాలి. లేదా నా పుస్తకాల బీరువా అందులోకి వస్తుంది."

ఆమె అదే గౌను వేసుకుని రంగుల కొట్టుకి వెళ్లింది. రంగులు కలిపే అతనికి ఫోనులో సినిమాలోని గోడ చూపించింది. అతను ఫోనుని నీడలో పెట్టి చూశాడు, ఎండలో పెట్టి చూశాడు.

"నీడలో తేనెరంగు, ఎండలో గంధంరంగు. ఏది కలపమంటారు?"

"సినిమాలో ఉన్నది."

"అందులో దీపం వెలుగు కూడా కలిసి ఉంటుందండీ. దీపాన్ని డబ్బాలో పోయలేను కదా."

"చేతకాదని చెప్పొచ్చుగా!"

అతను కౌంటరు మీది చేయి తీసేశాడు. "నా కంటికి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. సినిమా పేరు చెప్పండి. చూసి కలుపుతాను. రేపు రండి."

ఆ 'రేపు' మూడువారాలు సాగింది. రోజూ అతను ఏదో ఒక సన్నివేశం గురించి అడిగేవాడు. కిటికీ తెరిచే చోట రంగు మారిందా? మెట్ల దగ్గర గోడా అదేనా? ఆమె జవాబు చెప్పేది, పోట్లాడేది, మళ్లీ మర్నాడు వెళ్లేది. ఫోను నంబరు తీసుకుంటే సరిపోయేదని ఇద్దరికీ తట్టలేదు. తట్టినా పైకి అనలేదు.

గడువుకి ముందురోజు డబ్బా, కుంచె పట్టుకుని అతనే ఇంటికొచ్చాడు.

"ఆ చొక్కా కాలర్లేంటండీ, గాలొస్తే ఎగిరిపోతారేమో!"

"మా నాన్న పాత పెట్టెలో దొరికింది. సినిమాలో కథానాయకుడు ఇలాంటిదే వేసుకుంటాడు కదా."

"ఇంతకీ ఎన్నిసార్లు చూశారు?"

"తొమ్మిది."

"గోడ కోసమే?"

"మొదటి రెండుసార్లు గోడ కోసం."

"మిగతా ఏడు?"

అతను కుంచె ముంచాడు. "మీరు ఎక్కడెక్కడ నవ్వి ఉంటారా అని."

ఆమె ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే వాన దంచికొట్టింది, మాట అందులో కొట్టుకుపోయింది. మబ్బుకి గది చీకటైంది. ఆ చీకట్లోనే గోడ పూర్తయింది.

ఆదివారం పొద్దున ఎండ కాసింది. కొట్టు బోర్డు మీద వేయించడానికి ఫొటో కావాలని ఆమె గౌను వేసుకుని గోడ ముందు నిలబడింది. తండ్రి ఫొటో తీసి, ఫోనులోకి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అమ్మాయ్, నీ తలకాయ ఒచ్చింది, రెండు చేతులొచ్చాయి. నువ్వేదీ?"

తల్లి నవ్వలేక నేలమీద కూలబడింది.

కబురందుకుని అతను పరుగున వచ్చాడు. ఆమె గౌను చెయ్యిని గోడకి ఆనించింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"సినిమాలో గోడ దీనికంటే రెండు ఛాయలు లేత. అందుకే ఆ అమ్మాయి దాని ముందు అలా వెలుగుతుంది. వంక లేని కన్నన్నారే!"

అతను గోడని చూశాడు, ఆమెని చూశాడు. "కంటికి వంక లేదండీ. కలిపేటప్పుడు సినిమాని తలుచుకోవాలనే అనుకున్నాను. మొదటిరోజు కౌంటరు ముందు మీరు ఈ గౌనులో నిలబడ్డదే కళ్లలో ఉండిపోయింది. ఆ రంగునే కలిపేశానని ఇప్పుడే తెలిసింది. మళ్లీ వేస్తాను, మీ నాన్నగారిని ఒక్కరోజు ఆగమనండి."

ఆమె గోడ మీంచి గౌను చెయ్యి తీసి, ఆ రంగుని వేళ్లతో మెల్లగా తడిమింది.

"మధ్యాహ్నమైంది," అన్నాడు తండ్రి. "నువ్వూ భోజనానికి రా బాబూ."

బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక తండ్రి కూర వడ్డించుకుంటూ అడిగాడు. "బీరువా ఎప్పుడు జరపమంటావు?"

"జరపొద్దు నాన్నా. మళ్లీ రంగూ వెయ్యొద్దు. ఇలాంటి గోడ ఆ సినిమాలో కూడా లేదు, నాకొక్కదానికే ఉంది. కొట్టు దీంతోనే తెరుస్తాను. నేనే ఇంకో రంగు గౌను కుట్టుకుంటాను."

"కొట్టులా ఉందో లేదో చెప్పాల్సింది నేను."

ఆమె చేయి కంచంలోనే ఆగిపోయింది.

"పొద్దుట్నుంచి ముగ్గురు కిటికీలోంచి తొంగిచూసి, ఇక్కడేం కొట్టు పెడుతున్నారని అడిగారు. ఇంక నేననేదేముంది? తెరుచుకో."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "ఇంకోటి కూడా ఉంది. ఈయన్ని పెళ్లి చేసుకుంటాను. మీ ముగ్గురికీ ఇష్టమైతే."

"ముగ్గురెవరే?"

"నువ్వూ, అమ్మా, ఈయనా. ఈయన్ని ఇంకా అడగలేదు."

అతని నోటినిండా ముద్ద ఉంది. అలాగే గబగబా తలూపేశాడు.

"ముందు నమిలి మింగు నాయనా," అంది తల్లి, మంచినీళ్ల గ్లాసు అతని వైపు జరుపుతూ. "మేమిద్దరం ఒప్పేసుకున్నాంలే."