గీత తప్పిన అద్దం

ఫోటోగ్రాఫర్ వేషంలో ఉన్న ఏజెంటును గాజు టవర్ పైకప్పు మీదనుంచి తోసేశారు. కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. మర్నాడు పొద్దున్నే గూఢచారి డిపార్ట్‌మెంటును నడిపే పెద్దాయన, సగంలో ఆగిన ఆ పనికి అతని బావను పిలిపించాడు.

ఆ బావను డిపార్ట్‌మెంటులో అందరూ నత్త అంటారు. నిదానస్తుడు. తొందరపడి ఒక్క మాట తూలడు, ఒక్క అడుగు వేయడు. భార్య తమ్ముణ్ణి పట్టుబట్టి ఈ ఉద్యోగంలో పెట్టించింది అతనే.

కిటికీలు లేని ఆ గదిలో పెద్దాయన కుర్చీ చూపించలేదు. చచ్చిపోయినవాడి కెమెరాలాంటిదే ఇంకోటి టేబుల్ మీద పెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఇవాళ కొత్త టవర్ ఓపెనింగ్. మన మిసైల్ సైంటిస్టు రిబ్బన్ కత్తిరిస్తాడు. అక్కడే ఆయన్ని లేపేయాలని విదేశీ ముఠా ప్లాన్. షూటర్ ఎక్కడ కూర్చుంటాడో తెలీదు. కనిపెట్టు."

"ఓపెనింగ్ ఆపేస్తే?"

"షూటర్ జారిపోతాడు. నాకు షూటర్ కావాలి."

నత్త తలూపాడు. బావమరిది పోయిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదన్నాడు.

"చెప్పకు. పనయ్యాక చెప్పుకో. మీ ఆవిడ ఏడుస్తుంటే నీ చెయ్యి వణుకుతుంది" అన్నాడు పెద్దాయన.

తర్వాత కెమెరా సంగతి వివరించాడు. తీసిన ప్రతి ఫోటో ఆ క్షణమే డిపార్ట్‌మెంట్ వ్యానులోని స్క్రీన్ మీదికి వెళ్తుంది. షట్టర్ పక్కనున్న చిన్న బటన్ నొక్కితే, పక్క బిల్డింగ్ పైనున్న మన షూటర్‌కు కాల్చమని ఆర్డర్. అక్కడ కలవాల్సిన మనిషి టవర్ పబ్లిసిటీ మేనేజర్. డబుల్ ఏజెంట్. ప్రస్తుతానికి మనవైపు ఉందని చెప్పి, ఆ 'ప్రస్తుతానికి' అన్నమాట దగ్గర పెద్దాయన కాస్త నవ్వాడు.

కొత్త టవర్‌కు ఎదురుగా పాత టవర్. రెండూ నిలువెల్లా గాజే. మధ్యలో ప్లాజా మరీ ఇరుకు. వెనక్కి జరిగి తీద్దామంటే వీపు గోడకు తగులుతుంది. వైడ్ యాంగిల్ లెన్స్ తప్ప గతిలేదు. కెమెరా ఏమాత్రం పైకెత్తినా టవర్లు రెండూ వెనక్కి విరుచుకు పడిపోతున్నట్టు వస్తాయి. నత్త ట్రైపాడ్ కాళ్లు ఒక్కొక్కటే సర్ది, లెవెల్ చూసుకున్నాడు.

వెండిరంగు సూట్, నల్ల కళ్లద్దాలు, నాలుగడుగుల ముందే తెలిసిపోయే సెంటు. ఆమె పక్కకొచ్చి నిలబడింది.

"వాలిపోయే బిల్డింగుల్ని నిలబెడతారట కదా?"

"మనుషుల్ని తప్ప అన్నిటినీ నిలబెడతాను."

కోడ్ కలిసింది. ఆమె భుజాలు వదులయ్యాయి. అప్పుడే అతని ఫోన్ మోగింది. భార్య. తమ్ముడు నిన్నట్నుంచి ఫోన్ ఎత్తడం లేదని, వాడు తనతోనే ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడు, పైన పనిలో ఉన్నాడు అన్నాడు నత్త. భోజనానికి ఇద్దరూ ఇంటికే రండని చెప్పి ఆమె పెట్టేసింది.

నత్త లెన్స్ తుడుచుకుంటూ, తనకు ముందొచ్చిన ఫోటోగ్రాఫర్ ఎలా దొరికిపోయాడని మామూలుగా అడిగాడు. వాడు ఇతనికి ఏమవుతాడో మేనేజర్‌కు తెలియదు.

"వాళ్ల చేతికి నేనే ఇచ్చాను. ముఠాకి నామీద అనుమానం వచ్చింది. నమ్మించాలంటే ఎవరో ఒకర్ని ఇవ్వాలి కదా. ఎవర్నివ్వమంటారని మీ పెద్దాయన్నే అడిగాను. ఆయనే చెప్పాడు, కుర్రాణ్ణి ఇచ్చెయ్యమని." కళ్లద్దాలు సర్దుకుంది. "పైకి తీసుకెళ్తుంటే లిఫ్టులో కూడా లెన్సుల గురించే చెప్పాడు పాపం. మీరు జాగ్రత్త. ఆయన మిమ్మల్నీ ఇచ్చేస్తాడు."

నత్త లెన్స్ తుడవడం ఆపాడు. గుడ్డను మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

బ్యాండు మొదలైంది. సైంటిస్టు కారు దిగాడు. బట్టతల, పొట్టి మనిషి, అందరికీ మొహమాటంగా నమస్కారాలు పెడుతున్నాడు. నత్త వరసగా ఫోటోలు తీశాడు. ప్లాజా, మెట్లు, రెండు టవర్లూ అంచునుంచి అంచుదాకా ఫ్రేములో ఉన్నాయి. కెమెరా వెనక స్క్రీన్ మీద ఒకదాన్ని పెద్దది చేసి చూశాడు. పాత టవర్ గాజుల మీద కొత్త టవర్ ప్రతిబింబం నిలువుగీతలుగా పడింది. అన్నీ కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి. ఒక్కచోట మాత్రం గీత విరిగింది.

తెరుచుకోని కిటికీల బిల్డింగ్ అది. అక్కడొక అద్దాన్ని కోసి, లోపలికి కాస్త వాల్చారు.

ఫోటో వ్యానుకు చేరింది. చెవిలోని మెషీన్‌లో వ్యానువాళ్ల గొంతు గుసగుసలాడింది: చోటు కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. లోపల చీకట్లో ఉన్నాడు. ముందుకు వంగితే తప్ప మనవాడికి గురి కుదరదు.

సైంటిస్టు చేతికి కత్తెర అందించారు. ఆ అద్దంనుంచి రిబ్బన్ దాకా అడ్డమేమీ లేదు. నత్త కళ్లతోనే ఆ దారి కొలిచాడు.

"మేడమ్, మీరూ రిబ్బన్ దగ్గరికెళ్లండి. ఫోటోలో మీరుండాలి" అన్నాడు.

ఆమె నవ్వుతూ వెళ్లి సైంటిస్టుకు పక్కగా, దూరంగా నిలబడింది.

"అంచున నిలబడితే మనిషి సాగిపోయి లావుగా వస్తారు. ఇంకాస్త మధ్యకి. ఆయన ముందుకి. కొంచెం ఎడమకి. అంతే, కదలకండి."

ఆమె కదల్లేదు. అయితే చివరి క్షణంలో అతని మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, పెదాల మీద నవ్వు అలాగే ఉండి కళ్లద్దాల వెనక కనుబొమలు లేచాయి. అప్పటికే కత్తెర రిబ్బన్ మీదుంది.

గురికి అడ్డమొచ్చిన మనిషిని తప్పించడానికి ఆ అద్దం వెనకున్నవాడు ముందుకు వంగాడు. వాలిన అద్దం సందులో భుజం, తల కనిపించాయి. నత్త బటన్ నొక్కాడు. రెండు తుపాకులు ఒక్కసారే పేలాయి. షూటర్ అద్దంతోపాటు కిందికొచ్చాడు. వాడి తూటా సైంటిస్టును చేరలేదు. వెండిరంగు సూట్‌లో ఆగిపోయింది. రిబ్బన్ తెగకుండా అలాగే ఉంది.

చెయ్యి వణకలేదు. నత్తకు భయమేసింది అందుకే.

సాయంత్రం కిటికీలు లేని గదిలో పెద్దాయన కుర్చీ చూపించాడు. భలే పని చేశావన్నాడు. ఆవిడ పోవడం కూడా మంచికే, చాలా సంగతులు తెలిసిన మనిషి అన్నాడు. తర్వాత సరదాగా అడిగాడు.

"ఇంతకీ ఫోటోలో అందరూ పడ్డారా?"

నత్త లెన్స్‌కు మూత పెడుతూ, నిదానంగా తలెత్తి ఆయన్ని చూశాడు.

"ఒక్కరు మిగిలారు సార్."