గడియముద్ర

వకుళ చెవి పక్కన బొటనవేలు తిప్పి వీధి రొద తగ్గించుకుంది. అరచేయి చూపి వార్తలు ఆపింది. విశాఖలో ఇప్పుడు అందరికీ ఇదే అలవాటు. పుట్టిన నెలలోనే చెవిలో కూర్చోబెట్టిన చెవిపూస ఏ శబ్దాన్ని లోపలికి వదిలితే అదే వినపడుతుంది. చదివి వినిపించేదీ అదే గనక, పిల్లలకు అక్షరాలు నేర్పడం ఏనాడో మానేశారు.

వంటింట్లో భళ్ళుమన్న చప్పుడు. పగిలిన గ్లాసు పక్కన నిలబడి ఆరేళ్ల చిన్మయి, "నేను కాదు" అంది.

"పైగా అబద్ధమా? లెంపలేసుకో!"

"ఇంకెప్పుడూ చెప్పనమ్మా" అంటూ పిల్ల రెండు చేతులతో చెంపలు టపటపా వాయించుకుంది.

"సర్లే, చాలు. రా, పాలు తాగుదువుగాని."

చిన్మయి కదల్లేదు. "అమ్మా, మాట్లాడవా?" అంది.

పిల్లల్ని తిట్టి వేధించే పెద్దల గొంతుకు గడియ వేయడానికి ముందురోజు రాత్రే చెవిపూసల సంస్థవాళ్లు వాటన్నిటిలో కొత్త చేతిముద్ర చేర్చారు. ఎదుటి మనిషిని చూస్తూ రెండు చెంపలూ తట్టుకుంటే ఆ గొంతు ఇక వినపడదు. పొరపాటున ఎవరూ చెయ్యని పని కదా అని దీన్ని ఎంచారట ఆ మేధావులు! మన ఇళ్లలో పిల్లల చేత లెంపలు వేయిస్తారని వాళ్లకు చెప్పిన పుణ్యాత్ముడే లేడు.

సాయంత్రం భర్త శ్రీకర్ ఆ సంస్థకు వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏడాది దాకా గడియ తియ్యడం కుదరదంట వకుళా. పెద్దాళ్లు బెదిరించి తీయిస్తారని అసలు దారే పెట్టలేదు. మళ్లీ తట్టుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ ఏడాదంట."

వకుళ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నాకు కోపం లేదే, నా తల్లీ" అంటూ ఏడ్చింది.

చిన్మయి ఆ కన్నీళ్లు చూసి భయపడింది. "నాన్నా, అమ్మ నాతో ఎందుకు మాట్లాడట్లేదు?"

"మాట్లాడుతోందమ్మా. నీకే వినపడట్లేదు. నువ్వు మాత్రం లెంపలేసుకోకు."

"నువ్వు అబద్ధం చెప్తున్నావు. నేను సరిగ్గా వేసుకోలేదని అమ్మకి కోపం."

పిల్ల అమ్మ వైపు తిరిగి మళ్లీ చెంపలు వాయించుకుంది. "వద్దే!" అని గావుకేక పెట్టి వకుళ ఆ చేతులు పట్టుకుంది. తల్లి మొహం చూసి, కోపమే అనుకుని చిన్మయి చేతులు విడిపించుకుంది.

"ఇంకా గట్టిగా వేసుకోనా అమ్మా?" అని అడిగింది. జవాబు వినపడక, మళ్లీ మొదలుపెట్టింది.