నూరు కాడలు

బుధవారం ఉదయం ఆమె బకెట్టు, కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగేసరికి స్కాబియోసా పూల మడిలోని నలభై మొక్కలూ బోసిపోయి ఉన్నాయి. విచ్చుకోబోయే మొగ్గ ఒక్కటంటే ఒక్కటి లేదు. రేకులు రాలి గింజ కట్టుకుంటున్న తలలు మాత్రం సన్నటి కాడల చివర దర్జాగా ఊగుతున్నాయి.

శుక్రవారానికి నూరు పూలకాడలు ఇస్తే ఇక వారం వారం తీసుకుంటానని పూలదుకాణం ఆవిడ మాట ఇచ్చింది. ఆ బేరం కుదిరితే పెరడు ఆమెదని ఇంట్లో ఒప్పందం. కుదరకపోతే సోమవారం మేస్త్రీ దిగి అన్నయ్య కారుకు షెడ్డు కడతాడు. ల్యాబు ఉద్యోగం మానేసి, బుల్లి పరికిణీ తొడిగినట్టుండే గింజల్ని వంటింటి కిటికీలో ట్రేలలో నాటి, మొలకల కోసం పన్నెండు రోజులు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన మనిషి ఆమె.

"నాన్నా! మడిలో చెయ్యి పెట్టిందెవరు?"

గడియారాలు బాగుచేసే పని నుంచి రిటైరైన తండ్రి వసారాలో కంటికున్న భూతద్దం తీయకుండానే తలెత్తాడు. "నేనేనమ్మా. వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచాలని నీ పుస్తకంలో రాసుకున్నావుగా. నిన్న నువ్వు బయటికెళ్లినప్పుడు ఒక్కటీ వదలకుండా తుంచాను."

"నువ్వు తుంచింది మొగ్గల్ని నాన్నా! వాడినవి అక్కడే ఉన్నాయి!"

నోట్లో బ్రష్షుతో అన్నయ్య వచ్చాడు. మడిని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "చెప్పానా? నీకు పూలు కలిసిరావు."

"కలిసిరాకపోవడం వేరు అన్నయ్యా, పొరపాటు జరగడం వేరు."

"ఏదైతేనేం, మాటంటే మాటే. సోమవారం మేస్త్రీ వస్తాడు."

తండ్రి మడి దగ్గరకు నడిచాడు. కూతురు ఎక్కడో ఆకుల చాటున మిగిలిన బుల్లి మొగ్గను వెతికి చూపించింది: మొగ్గ బొత్తాంలా చదునుగా ఉంటుంది, వాడిన తల నడుమ ఉబ్బి ఉంటుంది. ఆయన రెండింటినీ బొటనవేలితో తడిమాడు. గడియారాల్లో వెంట్రుకంత తేడా పట్టుకోగల ఆ వేలికి ఈ తేడా ఇప్పుడు అందింది.

"నిన్ను అడిగి చెయ్యాల్సింది," అన్నాడు. "ఇన్నాళ్లూ దీన్ని గడ్డి సేద్యం అని వెక్కిరించాను కదా. అడిగితే నీదీ ఒక పనేనని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదమ్మా."

ఆమె చేతిలోని కత్తెర బకెట్లో పెట్టింది.

"మళ్లీ పూస్తాయా?" అడిగాడాయన.

"ఈ గింజ తలలు కూడా తీసేస్తే పక్క కొమ్మలన్నీ ఒక్కసారే లేస్తాయి. మూడు వారాలు పట్టొచ్చు."

తండ్రి కొడుకు వైపు తిరిగాడు. "ఏరా, మేస్త్రీ నంబరియ్యి."

"ఎందుకు నాన్నా?"

"తప్పు నాది. శిక్ష దానికా? ఈ మూడు వారాల్లో ఇక్కడ ఇటుక దిగిందో, దాని మీద కుర్చీ వేసుకుని కూర్చునేది నేనే!"

కూతురు దుకాణానికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల ఆవిడ కాసేపు నవ్వింది. "అబద్ధమాడలేదు కాబట్టి ఆగుతాను. మూడు వారాలే, ఆ పైన ఒక్క పూట కూడా ఆగను," అంది.

ఆ రోజే ఇద్దరూ గింజ తలలన్నీ తుంచేశారు. అప్పటి నుంచి తండ్రి రోజూ ఉదయమే మడి దగ్గర హాజరు. ఏ కొమ్మ మీద చెయ్యి వేయాలన్నా ముందు కూతుర్ని అడిగాడు. ఇరవయ్యో రోజున మడి ఒక్కపెట్టున విరగబూసింది: ముదురు ద్రాక్షరంగు, లేత ఊదా, తెలుపు. గుండుసూదులు గుచ్చిన దిండ్లలా ఉన్న పూలను ఎండెక్కకముందే తండ్రీ కూతుళ్లు కోశారు. అన్నయ్య పిలవకుండానే బకెట్లు మోశాడు.

దుకాణం ఆవిడ వ్యాను దిగి, ఒక కాడ తీసి, పూవు మెడ వాలుతుందేమోనని ఊపి చూసి, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "నూటఅరవై ఏడు! నేను నూరేగా అడిగాను?"

"మిగతావి ఉంచేయమంటారా?"

"ఉంచడమేంటమ్మా, అన్నీ ఎక్కించు! వచ్చే నెల నుంచి వారానికి మూడు వందల కాడలు ఇవ్వగలవా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. గొంతు మాత్రం స్థిరంగానే ఉంది. "ఈ ఒక్క మడితో కుదరదండీ. మిగతా పెరడంతా కావాలి."

తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఒకేసారి అన్నయ్య వైపు తలతిప్పారు. అతను బుర్ర గోక్కున్నాడు.

"నా వంక చూస్తారేం? వీధిలో ఉంటే కారేమన్నా వాడిపోతుందా?" అంటూ పార అందుకున్నాడు.