ముకుందం సారు పెట్టిన సున్నా

ఆదివారం పొద్దున్నే ముకుందం సారు కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, వరండాలో ఇంటర్ పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతున్నాడు. ఆయన చేతివేగానికి తిరుపతిలో పెద్ద పేరు. ఎవరి పేపరో తెలియకుండా పేరున్న మూల మడిచి, పిన్ను కొట్టి ఇస్తారు కాలేజీలో. ఆయన జవాబు ఒక్కటే చూస్తాడు, టిక్కో ఇంటూనో కొట్టి తిప్పేస్తాడు.

"వకుళా, ఇది సూడు. ఒకే ప్రశ్నకు పేపరంతా బొమ్మలు గీసి, జవాబు రాయకుండా ఇచ్చినారు. సున్నా పెట్టినాను. ఇట్లాంటోళ్లను కాదు, కన్నోళ్లను అనాల," అని నవ్వుతూ పిన్ను పీకాడు.

నవ్వు అక్కడే ఆగిపోయింది. శ్రీహిత. తన కూతురు.

భార్య వకుళాదేవి తొంగిచూసింది. "బిడ్డ రాత గూడా గుర్తుపట్టలేదా మీరు?"

చదివితే కదా గుర్తుపట్టడానికి! ఆయనకు కోపం ముంచుకొచ్చింది. "శ్రీహితా, ఇట్లా రా."

తల దువ్వుకుంటున్న పిల్ల సగం జడతోనే వచ్చింది.

"ఘనాల మొత్తానికి సూత్రం రాదా నీకు?"

"వస్తాది నాయనా."

"రాసి పారేసుంటే సరిపోయేది గదా. రేపు కాలేజీలో నా మొగం యాడ పెట్టుకోవాల?"

"ఒకటి, రెండు, మూడు... వరసగా ఘనాలు కలిపితే ప్రతిసారీ వర్గమే ఎందుకొస్తాదని క్లాసులో అడిగినాను. కూర్చో అన్నావు. ఇంట్లో అడిగితే పరీక్షకు రాదులే అన్నావు." శ్రీహిత పేపరు వైపు చూపించింది. "తెలిసి గూడా చెప్పలేదని కోపమొచ్చింది. నేనే కనుక్కుందామని పరీక్షలో గీస్తా కూర్చున్నాను."

ముకుందం అప్పుడు చూశాడు ఆ బొమ్మల్ని. చతురస్రం చుట్టూ ఇంకో చతురస్రం. బేసి సంఖ్యల దగ్గర గడులు చక్కగా అమరాయి. సరి సంఖ్య వచ్చేసరికి ఒక గడి రెండు ముక్కలైంది. పక్కన 'ఎందుకు?' అని ఉంది. అంతలో గంట కొట్టేసినట్టున్నారు.

ఆ సూత్రాన్ని ఇన్నేళ్లూ ఎంతమంది చేత బట్టీ పట్టించాడో! తను మాత్రం ఒక్కనాడూ ఎందుకని అడిగిన పాపాన పోలేదు.

"నాకూ తెలీదమ్మా," అన్నాడు.

లెక్కల్లో నాయనకు తెలియనిది ఒకటుంటుందని శ్రీహిత కలలో కూడా అనుకోలేదు.

"నిజంగానా?"

"నిజంగానే." కళ్లు తుడుచుకుని పెన్సిలు ఆమె చేతికిచ్చాడు. "ఆ ముక్కలు యాడికి పోతాయో సూపించు. నేర్చుకుంటా."

"నాకూ ఇంకా రాలేదు నాయనా."

"అయితే రా, కూర్చో," అంటూ ముకుందం సారు పేపర్ల కట్టను పక్కకు నెట్టి ఆమెకు చోటిచ్చాడు.