మార్కర్ ఉన్నారా?

“మార్కర్ ఉందా?”

ఫిరోజా అడిగింది చిన్న మాటే. అయినా ప్రొద్దుటూరు యూనియన్ క్లబ్బు హాల్లో పుస్తకాల్లో మునిగి ఉన్న నలభై మందీ ఒక్కసారిగా తలలెత్తారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ యువకుడు మాత్రం నవ్వలేదు. “మార్కర్ సచ్చిపోయి పన్నెండేండ్లయింది మేడమ్. అయినా మనిషిని పట్టుకొని ‘ఉందా’ ఏంది? ‘ఉన్నారా’ అనాల.”

ఫిరోజా తెల్లమొహం వేసింది. ఆమె వార్డు సచివాలయంలో ఇంజనీరింగు పనులు చూసే సెక్రటరీ. రాజంపేట నుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. గోడకున్న పగులు పక్కన తారీఖు వేద్దామంటే పెన్ను ఎండిపోయింది. అందుకని అడిగింది, అంతే.

“నేనడిగింది రాసే మార్కర్ అండీ.”

“ఈ క్లబ్బులో మార్కర్ అంటే ఒక్కరే. హుసేన్ వలి, మా తాత. బిలియర్డ్స్ ఆడేటప్పుడు పక్కన నిలబడి పాయింట్లు చెప్పేవాణ్ణి మార్కర్ అంటారు. నలభై రెండేండ్లు చెప్పినాడు.” చెబుతూనే ఒక కుర్చీ లాగి ఆమె ముందు వేశాడు. “ముందు కూసోండి.”

కోపంలో కూడా కుర్చీ వేసేవాణ్ణి ఫిరోజా అంతకు ముందు చూడలేదు. కూర్చుంది.

అతని పేరు రబ్బానీ. పగలు బళ్ళో లెక్కలు చెబుతాడు, సాయంత్రం ఈ హాలు తెరుస్తాడు. హాలు నడుమ పాత బిలియర్డ్స్ బల్ల, దాని మీద ప్లైవుడ్ పరిచి, చుట్టూ డీఎస్సీకీ కానిస్టేబుల్ పరీక్షకీ చదివే పిల్లలు. ఎదురు గోడ మీద నల్లచెక్క పలక, దాని మీద బంగారు అక్షరాల్లో క్లబ్బు ప్రెసిడెంట్ల పేర్లు.

“మొదట దొరలు టెన్నిస్ ఆడినారు. తర్వాత వకీళ్ళు పేకాట ఆడినారు. పోలీసులు పడినాక పేకాట పాయ, పెండ్లి మండపం వచ్చ. కొత్త మండపాలు లేసినాక ఇది షామియానాల గోడౌన్. నాలుగేండ్ల నుంచి మేము,” అన్నాడు రబ్బానీ. “పోయినేడు ఈ బల్ల కాడ చదివినోళ్ళే ఇద్దరు టీచర్లయినారు, నలుగురు కానిస్టేబుళ్ళయినారు.” ఆ మాట అంటున్నప్పుడు అతని ఛాతీ జానెడు పెరిగింది.

“మరి రేపు?”

“రేపటి సంగతి మీ చేతిలో ఉండాది. మీరే చెప్పాల.”

నిజమే. బిల్డింగు శిథిలమైంది, కూల్చి కాంప్లెక్స్ కట్టుకుంటామని క్లబ్బు సెక్రటరీ అర్జీ పెట్టుకున్నాడు. కూల్చాలో వద్దో ఫిరోజా రిపోర్టు ఇవ్వాలి. పడమటి వైపు గోడలో వేలు దూరేంత పగులుంది.

“పునాది కుంగినట్టుంది,” అంది మెల్లగా.

“అనుకున్నా! రాకముందే రిపోర్టు రాసుకోని వచ్చినట్లుండారే!”

“ఏమప్పా, క్లబ్బు సెక్రటరీ మీద కోపం నా మీద తీర్చుకుంటే ఎట్ల? అత్త మీద కోపం దుత్త మీదనా?”

“మిమ్మల్ని దుత్త అని నేనన్లేదు మేడమ్.”

హాలంతా ఘొల్లుమంది. ఫిరోజాకు నవ్వాగలేదు గానీ పౌరుషం కూడా ఆగలేదు. “నా సంతకం ఎవరి జేబులోనూ లేదు. కుంగలేదని మీరు నిరూపిస్తే అదే రాస్తా,” అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చేసరికి బల్ల మీద ప్లైవుడ్ లేదు. వెలిసిపోయిన పచ్చగుడ్డ బయటపడింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే వాన దబదబా దంచుకుంది. సీమలో వాన వస్తే చుట్టమొచ్చినట్టే. పిల్లలంతా పుస్తకాలు వదిలేసి వరండాలోకి పరుగెత్తారు. హాల్లో ఇద్దరే మిగిలారు.

రబ్బానీ జేబులోంచి తెల్లబంతి తీసి బల్ల నడుమ పెట్టాడు. “ఈ గుడ్డ కింద ఉండేది రాతిపలక. టన్ను పైమాటే. మా తాత ప్రతి శుక్రవారం పొద్దున్నే ఇట్ల బంతి పెట్టి చూసేటోడు. దొర్లితే బల్ల వాలినట్టు. కాళ్ళ కింద చెక్కముక్క పెట్టి సరి చేసేటోడు. ఆయన పోయినాక కాళ్ళ కింద ఎవరూ చెయ్యి పెట్టలే. నేల కుంగింటే ఈ బంతి ఆగుతాదా?”

ఇద్దరూ చెరోవైపు నుంచి వంగి చూశారు. బంతి కదల్లేదు. కాసేపటికి బంతిని చూడాల్సిన నాలుగు కళ్ళూ దాన్ని వదిలేసి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వరండాలో ఎవరో దగ్గారు.

ఫిరోజా తొందరగా నిటారుగా నిలబడింది. “బంతి మాట రిపోర్టులో రాయలేను. రేపు పైపు తెస్తా.”

నీళ్ళు నింపిన పారదర్శక పైపు పట్టుకుని మర్నాడు హాలు నాలుగు మూలలా మట్టం చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. పగిలిన గోడ పూత గీకితే లోపల సిమెంటు ఇటుకలు కనిపించాయి. పాత గోడ రాయీ సున్నం. ఇది పెళ్ళిళ్ళ కాలంలో వంటగది కోసం పాత గోడకు ఆనించి కట్టింది, దానితో కలిపి కట్టలేదు. కుంగింది ఆ వంటగదే. చదువుకోని మార్కర్ శుక్రవారం శుక్రవారం కట్టిన లెక్క నిలబడింది. ఆ సంగతి తలుచుకుంటే ఫిరోజాకే గర్వమనిపించింది.

కానీ ఊళ్ళో మాట మరోలా పాకింది. “ఆ మేడమూ ఆ పిల్లోడూ వానలో బంతులాడుకుంటాండారంట, రిపోర్టు ఇంకెట్ల వస్తాది?” అన్నాడు క్లబ్బు సెక్రటరీ, ఫిరోజా ఆఫీసుకొచ్చి అందరూ వినేలా. ఫిరోజా తానే పైఅధికారిని అడిగి మళ్ళీ కొలిపించింది. ఆయన కొలతా అదే. వంటగది తీసేస్తే చాలు, క్లబ్బు గట్టిగా ఉందని కాగితం కదిలింది. అది కదిలే పది రోజులూ రబ్బానీ ఫోను మోగుతూనే ఉంది, ఆమె ఎత్తలేదు. ఎత్తకపోవడం తన చేతికి ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

పదకొండో రోజు, కూల్చొద్దన్న ఆర్డరు చేతిలో పట్టుకుని క్లబ్బు గుమ్మంలో నిలబడింది.

“మార్కర్ ఉన్నారా?”

రబ్బానీ తల తిప్పాడు. మూతి ముడుచుకునే ఉన్నాడు. “పది దినాలు ఫోనెత్తని వాళ్ళకు మార్కర్‌తో ఏం పని?”

“మీ ఫోనెత్తి ఉంటే ఈ సంతకాన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు,” అని ఆర్డరు ఇచ్చింది. చదువుతుంటే అతని మూతి దానంతటదే విచ్చుకుంది. అతని పక్కన కుర్చీలో, తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, ఒక ముసలామె కూర్చుని ఉంది.

“మా జేజి, అబీదా బీ. నలభై రెండేండ్లు తాతకు క్యారియర్ తెచ్చి వెనక గేటు కాడ ఇచ్చి పోయింది. లోపల అడుగు పెట్టడం ఇదే మొదలు.”

“ఆయన ఈ కుర్చీల్లో ఒక్కనాడూ కూసోలే బిడ్డా,” అంది అబీదా బీ. “కుర్చీలు మెంబర్లకంట. అందుకే వీడు అందరికీ కుర్చీ వేస్తాడు.”

ఫిరోజా సంచిలోంచి బంగారు రంగు మార్కర్ తీసింది. “ఈసారి నేనే తెచ్చుకున్నా.” కుర్చీ ఎక్కి, ప్రెసిడెంట్ల పేర్ల పక్కన ఖాళీ చోట, ప్లాను మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాసింది. కిందికి దిగి పైకి చదివింది: “హుసేన్ వలి, మార్కర్.”

అబీదా బీ చాలాసేపు ఆ అక్షరాల వంకే చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా వెన్ను నిటారుగా చేసి, ఆ ప్రెసిడెంట్లందరికీ తానే ప్రెసిడెంట్‌లా కూర్చుంది.

“యా ఊరు బిడ్డా మీది?”

“రాజంపేట, జేజీ.”

“ఆదివారం మీ నాయన ఇంటికాడ ఉంటాడా?”

ఫిరోజా చెంపలు ఎర్రబడ్డాయి. ఆమె నోరు విప్పేలోగా రబ్బానీ అందుకున్నాడు.

“‘ఉంటారా’ అనాల జేజీ. మామకు మర్యాద ఇయ్యొద్దా?”