తాడు చివర

మా బావమరిది నోరు ఊరికే ఉండదు. అడవి చూపించే గైడుతో కూడా, మా బావ ముఖం చూస్తే జంతువులు బయటికి రావండీ అని చెప్పి మా ఆవిడను నవ్వించాడు. మనిషన్నాక కట్టుబాటు ఉండాలని నేను గట్టిగానే చెప్పాను.

అది ఏడాదంతా వానలు పడే చిన్న అడవి. బయట ఇంకా వెలుగు ఉండగానే లోపల చీకటి. రాత్రిపూట కొమ్మల మీద తిరిగే దేవాంగపిల్లి కనిపించాలంటే దీపం వెలగకూడదు, మాట వినపడకూడదు. అందుకే గైడు అందరి చేతికీ ఒకే తాడు ఇచ్చాడు. ముందు అతను, తర్వాత మా ఆవిడ, నేను, చివర బావమరిది. గైడు రెండుసార్లు లాగితే చివరి మనిషి తిరిగి రెండుసార్లు లాగాలి. అందరూ క్షేమమని లెక్క.

కుళ్లిన ఆకుల వాసన. ఆకు మీంచి ఆకు మీదకి నీళ్లు కారుతున్న చప్పుడు. కాసేపటికి నా చెయ్యి నాకే కనపడలేదు. ముందు నుంచి తాడు రెండుసార్లు కదిలింది. వెనక నుంచి జవాబూ వచ్చింది.

అప్పుడు ఎడమ పక్క చెట్లలోంచి గుసగుస.

"బావా... నిన్ను ఆటపట్టిద్దామని తాడు వదిలేశాను. దారి తెలియట్లేదు."

మాట్లాడకూడదు గనక పలకలేదు. తాడు లాగి చూశాను. వెనక బిగువుగానే ఉంది.

"బావా... నీ వెనక ఎవరు?"

కేక వేయబోయాను. అంతలో తాడు ముందుకు గుంజింది. వేళ్లు తాడును వదల్లేదు. అది ఎటు లాగితే అటు నడిచాను...

అడవి గేటు దగ్గర గైడు టార్చి వేశాడు. తాడు చివర పట్టుకుని బావమరిది నిలబడి ఉన్నాడు. వీడు కాదు, మావాడు లోపలే ఉండిపోయాడు, వెనక్కి వెళదామని గైడు కాళ్లావేళ్లా పడ్డాను. మా ఆవిడ విసుక్కుంది.

"వాడు ఇక్కడే ఉన్నాడు కదండీ. ఒక్కరోజు బుద్ధిగా ఉంటే అదీ తప్పేనా?"

ఏదైనా మాట్లాడరా అన్నాను. వాడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

గైడు మా కాళ్లకు పట్టిన జలగల మీద ఉప్పు చల్లాడు. నా పిక్కలు, మా ఆవిడ మడమలు, చివరికి గైడు కాళ్లు కూడా రక్తంతో తడిశాయి. తర్వాత అతను బావమరిది పంట్లాం పైకి మడిచి చూశాడు.

"ఒక్కటీ పట్టలేదే. అదృష్టవంతులండీ మీరు."

గేటుకు తాళం పడింది. లోపల చాలా దూరంలో "బావా" అని వినిపించింది. ఎవరూ తల తిప్పలేదు. నేను తిప్పేలోపే, నా చొక్కా అంచును వెనక నుంచి మెల్లగా లాగిన చెయ్యి...

రెండుసార్లు.